తీర్పు వెనక బేరం ఉంటుందా? సలివాన్ కేసు రాసిన తీరు చూస్తే తెలుస్తుంది

లా చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "పత్రికా స్వేచ్ఛకి పునాది అని చెప్పే అమెరికా తీర్పు న్యూయార్క్ టైమ్స్ వర్సెస్ సలివాన్ కూడా జడ్జీలు లోపల ఇచ్చిపుచ్చుకుని రాసుకున్నదే అంటున్నారు. నిజమేనా? నిజమైతే అందులో న్యాయం ఏముంది? మన సుప్రీంకోర్టులోనూ ఇలాగే జరుగుతుందా?"

నిజమే, జరుగుతుంది. కానీ మీరు అనుకుంటున్న చోట కాదు. నేను చాలా ఏళ్లుగా చిన్న పత్రికల తరఫున, రిపోర్టర్ల తరఫున పరువు నష్టం కేసులు వాదిస్తున్నాను, ఎక్కువగా కింది కోర్టుల్లోనే. అందుకని ఈ తీర్పుల్ని ఏ వాక్యం నా కక్షిదారుని కాపాడుతుంది, ఏది వినడానికి మాత్రమే బాగుంటుంది అని చూస్తూ చదవడం అలవాటైంది. అలా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. అందరూ కోట్ చేసే గొప్ప వాక్యాల మీద జడ్జీల మధ్య పెద్ద గొడవ ఉండదు. సాక్ష్యాన్ని ఎవరు చూడాలి, ఎంత రుజువు చాలు, కేసు మళ్లీ కింది కోర్టుకి వెళ్లాలా వద్దా అనే నీరసమైన పేరాల దగ్గరే అసలు పేచీ. కక్షిదారు బతికేది కూడా ఆ పేరాల వల్లే.

ముందు అక్కడి పద్ధతి చెప్తాను. వాదనలు అయ్యాక తొమ్మిది మంది జడ్జీలు ఒక గదిలో కూర్చుంటారు, దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. క్లర్కులు ఉండరు, స్టెనోలు ఉండరు, ఎవరైనా తలుపు తడితే అందరికంటే జూనియర్ జడ్జే లేచి వెళ్లి తీయాలి. ఒక్కొక్కరూ తమ అభిప్రాయం, ఓటు చెప్తారు. మెజారిటీలో చీఫ్ జస్టిస్ ఉంటే తీర్పు ఎవరు రాయాలో ఆయన చెప్తారు, లేకపోతే మెజారిటీలో ఉన్న సీనియర్ చెప్తారు. అయితే ఆ ఓటు తీర్పు వెలువడే వరకూ ఖాయం కాదు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు, బేరం మొదలయ్యేదే ఇక్కడ. రాసే జడ్జి డ్రాఫ్ట్ తయారుచేసి మిగతా ఎనిమిది మందికీ పంపుతారు. "నేను చేరుతున్నాను" అని ఒకరు చీటీ పంపుతారు, "ఫలానా పేరా తీసేస్తే చేరతాను" అని ఇంకొకరు, "అవతలివాళ్లు ఏం రాస్తారో చూసి చెప్తాను" అని మరొకరు. ఈ చీటీలూ డ్రాఫ్టులూ చాలావరకు తర్వాత బయటకొచ్చాయి, ఎందుకంటే అక్కడ జడ్జీలు తమ కాగితాల్ని లైబ్రరీలకి ఇచ్చే ఆనవాయితీ ఉంది. బ్రెన్నన్, బ్లాక్, డగ్లస్ కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, హార్లన్‌వి ప్రిన్స్‌టన్‌లో, పావెల్‌వి వాషింగ్టన్ అండ్ లీ యూనివర్సిటీలో. ఇది గాలి కబురు కాదు అని చెప్పడానికే ఈ వివరం.

ఇక కేసు. 1960 మార్చి 29న న్యూయార్క్ టైమ్స్‌లో ఒక ఫుల్ పేజీ యాడ్ వచ్చింది. మార్టిన్ లూథర్ కింగ్ మీద పెట్టిన కేసు ఖర్చులకీ, దక్షిణాదిలో నల్లజాతి విద్యార్థుల ఉద్యమానికీ చందాలు అడుగుతూ ఆయన మద్దతుదారుల కమిటీ ఇచ్చిన యాడ్ అది. అలబామాలోని మాంట్‌గోమరీలో పోలీసులు, అధికారులు చేస్తున్న ఆగడాల గురించి అందులో రాశారు. కొన్ని వివరాలు తప్పు. కింగ్‌ని ఏడుసార్లు అరెస్టు చేశారని ఉంది, నిజానికి నాలుగుసార్లు. విద్యార్థులు పాడిన పాట పేరు తప్పు. కాలేజీ భోజనశాలకి తాళం వేశారన్నది నిజం కాదు. ఎల్.బి. సలివాన్ ఆ ఊరికి ఎన్నికైన ముగ్గురు కమిషనర్లలో ఒకరు, పోలీసు శాఖ ఆయన కింద ఉండేది. ఆయన పేరు యాడ్‌లో ఎక్కడా లేదు. అయినా పోలీసుల్ని అంటే నన్ను అన్నట్టే అని దావా వేశారు. అలబామా మొత్తం మీద వెళ్లిన కాపీలు 394. స్థానిక జ్యూరీ 5 లక్షల డాలర్లు కట్టమంది, అలబామా సుప్రీంకోర్టు సరే అంది. యాడ్ కింద పేర్లున్న నలుగురు నల్లజాతి పాస్టర్ల మీద కూడా అదే డిక్రీ పడింది, వాళ్ల కార్లు జప్తు చేశారు. తమ పేర్లు అక్కడ వాడుతున్నట్టు ఆ పాస్టర్లకి ముందు తెలియను కూడా తెలియదు.

ఇది ఒక్క కేసు కాదు. అలబామాలో స్థానిక, రాష్ట్ర అధికారులు టైమ్స్ మీద ఇలాంటివి 11 దావాలు వేశారనీ, మొత్తం 56 లక్షల డాలర్లు అడుగుతున్నారనీ, సీబీఎస్ టీవీ మీద ఇంకో 5 దావాలు ఉన్నాయనీ జస్టిస్ బ్లాక్ తన తీర్పులోనే రాశారు. పౌరహక్కుల ఉద్యమం గురించి బయటి పత్రికలు రాయకుండా చేయడానికి పరువు నష్టం చట్టాన్ని ఆయుధం చేసుకున్నారు. మన దగ్గర ఒకే వార్త మీద నాలుగు జిల్లాల్లో నాలుగు కేసులు పెట్టి రిపోర్టర్‌ని వాయిదాలకి తిప్పడం చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

1964 జనవరి 6, 7 తేదీల్లో వాదనలు జరిగాయి. ఆ వారాంతంలోపే జరిగిన కాన్ఫరెన్స్‌లో తొమ్మిది మందీ అలబామా తీర్పు కొట్టేయాల్సిందే అన్నారు. చీఫ్ జస్టిస్ వారెన్ రాసే పని బ్రెన్నన్‌కి ఇచ్చారు. తొమ్మిది మందీ ఒప్పుకున్నారు కదా, ఇక బేరం దేనికి అనిపిస్తుంది. కానీ ఎవరు గెలవాలి అన్నదాని మీద ఏకాభిప్రాయం ఉండటం వేరు, ఏ కారణంతో గెలవాలి అన్నదాని మీద ఉండటం వేరు. రేపు కింది కోర్టులు పాటించేది కారణాన్నే.

ఆ కారణం దగ్గర మూడు దారులు కనిపించాయి. బ్లాక్, డగ్లస్, గోల్డ్‌బర్గ్ ఒక వైపు. ప్రభుత్వ అధికారి పనిని విమర్శిస్తే పరువు నష్టం దావాయే ఉండకూడదు, తప్పు రాసినా సరే, కావాలని రాసినా సరే అన్నది వాళ్ల మాట. బ్లాక్ స్వయంగా అలబామా మనిషి, అక్కడి నుంచి సెనేటర్‌గా పనిచేసినవాడు, ఆ ఊరి వాతావరణం ఎలా ఉంటుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. దురుద్దేశం అన్నది చేతికి చిక్కని విషయం, రుజువు చేయడమూ కష్టం, లేదని చూపించడమూ కష్టం, అలాంటి షరతు పెడితే ఆ ఊరి జ్యూరీ ఉందని చెప్పేస్తుంది అన్నది ఆయన భయం. ఈ యాడ్ వల్ల సలివాన్ పలుకుబడి తగ్గకపోగా పెరిగి ఉంటుందని కూడా రాశారు. ఇంకో వైపు, రాష్ట్రాల పరువు నష్టం చట్టాల్లో సుప్రీంకోర్టు అవసరానికి మించి వేలు పెట్టకూడదని జాగ్రత్తపడే హార్లన్ లాంటివాళ్లు. మధ్యలో బ్రెన్నన్.

బ్రెన్నన్ పట్టుకున్న మధ్యేమార్గం మీకు తెలిసిందే. అధికారి గెలవాలంటే అవతలివాళ్లు అబద్ధమని తెలిసీ రాశారనో, నిజమో కాదో పట్టించుకోకుండా నిర్లక్ష్యంగా రాశారనో రుజువు చేయాలి. దీన్నే యాక్చువల్ మాలిస్ అంటున్నాం. ఇది ఆయన గాల్లోంచి పుట్టించింది కాదు, 1908లో కాన్సస్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇలాంటి నియమం చెప్పింది, దాన్ని తీసుకున్నారు. దాని వెనక, ప్రభుత్వాన్ని విమర్శిస్తే శిక్షించిన 1798 నాటి సెడిషన్ చట్టం చరిత్ర పెట్టారు. ఆ చట్టం సుప్రీంకోర్టులో ఎప్పుడూ పరీక్షకి రాకపోయినా చరిత్ర దాన్ని తప్పని తేల్చేసింది అన్నారు. ఈ భాగం గురించి క్లాసులో గంటలు చెప్తారు, చెప్పాల్సిందే.

కానీ బ్రెన్నన్ మొత్తం ఎనిమిది డ్రాఫ్టులు రాశారు. ఎనిమిది ఎందుకు అవసరమయ్యాయో అడగండి. ఎక్కువ నలిగింది తీర్పు చివరి భాగం. నియమం కొత్తది కాబట్టి మామూలుగా అయితే కేసుని అలబామాకి తిప్పి పంపి, ఈ నియమం ప్రకారం మళ్లీ విచారించండి అనాలి. అలా పంపితే ఏమవుతుంది? అదే ఊరు, అలాంటి జ్యూరీయే, జడ్జి ఈసారి "దురుద్దేశం ఉందా లేదా చూడండి" అని చెప్తాడు, వాళ్లు ఉందంటారు, మళ్లీ 5 లక్షలు. మళ్లీ అప్పీలు, ఇంకో నాలుగేళ్లు. అప్పటికి పత్రిక దక్షిణాది వార్తలు మానేసుకుంటుంది, పాస్టర్ల ఇళ్లూ పోతాయి. కాబట్టి రికార్డులో ఉన్న సాక్ష్యం ఈ నియమానికి సరిపోదని సుప్రీంకోర్టే చూసి తేల్చేయాలి. కానీ సాక్ష్యాన్ని తూచడం పైకోర్టు పని కాదు, అది జ్యూరీ పని. ఏ అధికారంతో చూస్తారు? చూసి, రెండో విచారణ జరగకూడదని రాష్ట్ర కోర్టుకి చెప్పొచ్చా? దీని మీద హార్లన్‌కి గట్టి పట్టింపు ఉంది, అవతల బ్లాక్ వర్గానికి వేరే అభ్యంతరాలు. ఒకరి కోసం మాట మారిస్తే ఇంకొకరు జారిపోతారు.

లెక్క కూడా చూడండి. ముగ్గురు సంపూర్ణ రక్షణ కావాలన్నవాళ్లు, వాళ్లు విడిగా రాసుకుంటారు. మిగిలింది ఆరుగురు, వారెన్, క్లార్క్, హార్లన్, బ్రెన్నన్, స్టీవర్ట్, వైట్. ఆరుగురిలో ఇద్దరు ఆ చివరి భాగం దగ్గర విడిపోతే నలుగురే మిగులుతారు, అప్పుడు ఆ భాగం కోర్టు మాట కాదు, నలుగురు జడ్జీల అభిప్రాయం మాత్రమే. బయటి ప్రపంచానికి తొమ్మిది సున్నాగా కనిపిస్తున్న కేసులో లోపల పరిస్థితి అదీ. ఈ కోర్టులో అన్నిటికంటే ముఖ్యమైన సూత్రం ఏమిటని అడిగి, అయిదు వేళ్లు చూపించేవారట బ్రెన్నన్ తన క్లర్కులకి. అయిదు ఓట్లు ఉంటే ఏదైనా చేయొచ్చు, లేకపోతే ఏమీ చేయలేం అని.

చివరికి తీర్పులోకి వచ్చిన వాక్యం సుమారుగా ఇలా ఉంటుంది: సలివాన్ మళ్లీ విచారణ కోరవచ్చు కాబట్టి, న్యాయ పరిపాలన సవ్యంగా సాగడానికి, ఇప్పుడున్న రికార్డు రాజ్యాంగపరంగా ఆయనకి అనుకూలమైన తీర్పుని నిలబెట్టగలదా అని మేము చూడాల్సి ఉంది. ఎంత జాగ్రత్తగా రాశారో గమనించండి. రెండో విచారణ వద్దని అనలేదు, దానికి దారి మూసినట్టు ఎక్కడా కనిపించదు, రాష్ట్ర కోర్టు గౌరవానికి భంగం లేదు. కానీ వెంటనే తర్వాతి పేరాల్లో, టైమ్స్ తన పాత వార్తలతో సరిచూసుకోకపోవడం మహా అయితే అశ్రద్ధ, దురుద్దేశం కాదన్నారు. రుజువు నమ్మదగినంత స్పష్టంగా ఉండాలన్నారు, అంటే మామూలు సివిల్ కేసులో చాలినంత చాలదు. పోలీసుల మీద విమర్శని సలివాన్ అనే వ్యక్తి మీద విమర్శగా మార్చడానికి వీల్లేదన్నారు. అవే సాక్ష్యాలతో మళ్లీ విచారణ పెట్టినా సలివాన్‌కి గెలిచే దారి లేదు. రెండో విచారణ వద్దని చెప్పకుండానే దాన్ని అనవసరం చేశారు.

హార్లన్ ఇంత చేసినా విడిగా ఒక మెమో సిద్ధం చేసి పెట్టుకున్నారు. తీర్పు సోమవారం, మార్చి 9న. ముందురోజు ఆదివారం సాయంత్రం ఆయన బ్రెన్నన్ ఇంటికి ఫోన్ చేసి, నా మెమో వెనక్కి తీసుకుంటున్నాను, మొత్తం తీర్పులో చేరుతున్నాను అని చెప్పారు. అభిప్రాయం మారి కాకపోవచ్చు, ఇలాంటి కేసులో కోర్టు ఒకే గొంతుతో మాట్లాడటం తన సందేహం కంటే ముఖ్యమని అనుకుని ఉంటారని నా ఉద్దేశం. బ్లాక్ సంగతి ఇంకా విశేషం. విడిగా రాస్తున్నా, బ్రెన్నన్‌కి చీటీ పంపి, నువ్వు గొప్ప పని చేస్తున్నావు, నేనేం రాసినా ఇది పెద్ద ముందడుగే అని మెచ్చుకున్నారు. తను కోరింది దక్కలేదని తెలిసి కూడా.

మధ్యేమార్గానికి ఖరీదు కూడా ఉంది. అధికారి అంటే ఎంత కింది స్థాయి వరకు అన్నది తేల్చలేదు, ఒక ఫుట్‌నోట్‌లో "ఇప్పుడు అవసరం లేదు" అని వదిలేశారు. ఓట్లు కలవాలంటే కొన్ని ప్రశ్నలు వదిలేయాలి. అలా వదిలేసినవన్నీ తర్వాతి పదేళ్లు కోర్టు మెడకి చుట్టుకున్నాయి.

అందులో ఒకటి టైమ్ వర్సెస్ హిల్. దీని గురించి మన దగ్గర తక్కువ చెప్తారు గానీ, తెరవెనక పని ఎలా ఉంటుందో చూడాలంటే సలివాన్ కంటే ఇదే మంచి కేసు. 1952లో జైలు నుంచి పారిపోయిన ముగ్గురు ఒక కుటుంబాన్ని ఇంట్లో బందీలుగా పెట్టారు, ఎవరికీ దెబ్బ తగలకుండా వదిలేసి వెళ్లారు. తర్వాత బందీల కథతో ఒక నాటకం వచ్చింది, అందులో హింస ఉంది. అది ఈ కుటుంబానికి జరిగినదే అన్నట్టు 1955లో లైఫ్ పత్రిక ఫొటోలతో రాసింది. ఆ కుటుంబం, ఇంటిపేరు హిల్, ఆ పత్రిక యజమాని అయిన టైమ్ సంస్థ మీద న్యూయార్క్ ప్రైవసీ చట్టం కింద దావా వేసింది. సుప్రీంకోర్టులో వాళ్ల తరఫు లాయర్ రిచర్డ్ నిక్సన్, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆయనే.

1966లో మొదటిసారి వాదనలయ్యాక ఓటు 6-3, కుటుంబం వైపు. రాసే పని ఫోర్టాస్‌కి. ఆయన పత్రిక మీద చాలా ఘాటైన డ్రాఫ్ట్ రాశారు. ఆ ఘాటే ఆయన కొంప ముంచిందని నేననుకుంటాను. కేసుని మళ్లీ వాదనలకి పెట్టారు. అక్టోబర్‌లో రెండోసారి వాదనలకి ముందు బ్లాక్ పదహారు పేజీల మెమో ఒకటి రాసి అందరికీ పంపారు, ఈ దారిలో వెళ్తే పత్రికా స్వేచ్ఛకి జరిగే నష్టం ఏమిటో చెప్తూ. ఓట్లు తిరగబడ్డాయి. 1967 జనవరిలో వచ్చిన తీర్పు బ్రెన్నన్ రాశారు, పత్రిక వైపు. మెజారిటీ తీర్పు కావాల్సిన ఫోర్టాస్ రచన డిసెంట్‌గా, అంటే ఓడిన వైపు రాసే భిన్నాభిప్రాయంగా మిగిలింది. బ్రెన్నన్‌తో పూర్తిగా ఏకీభవించింది స్టీవర్ట్, వైట్. ముగ్గురే. మిగతా ఇద్దరు బ్లాక్, డగ్లస్. వాళ్లకి యాక్చువల్ మాలిస్ నియమం చాలదు, ఇంకా ఎక్కువ కావాలి. అయినా చేరారు, ఎందుకు చేరారో బ్లాక్ తీర్పులోనే రాశారు: ఇంత ముఖ్యమైన కేసులో కోర్టు ఒక తీర్పు మీద నిలబడగలగాలి, అందుకోసం చేరుతున్నాను అని. తెరవెనక జరిగినదాన్ని తెరముందే చెప్పేశారు.

ఏడేళ్ల తర్వాత గెర్ట్జ్ కేసులో అదే మాట ఇంకో జడ్జి నోట వచ్చింది. మామూలు మనిషి, అధికారి కాదు, ప్రముఖుడు కాదు, అతని గురించి పత్రిక అబద్ధం రాస్తే ఏ నియమం? 1971లో రోజెన్‌బ్లూమ్ కేసులో బ్రెన్నన్ దీన్ని కూడా తన నియమం కిందకి తేవాలని చూశారు, ప్రజలకి సంబంధించిన విషయమైతే చాలు అన్నారు, కానీ ఆయన రాసినదానికి ముగ్గురే దొరికారు, తనతో కలిపి. మిగతావాళ్లు తలోదారి. కింది కోర్టులకి ఏది పాటించాలో అర్థం కాలేదు. 1974లో గెర్ట్జ్ వచ్చేసరికి పావెల్ వేరే దారి చూపారు: మామూలు మనిషి గెలవాలంటే పత్రిక అశ్రద్ధ చూపిస్తే చాలు, కానీ తప్పేమీ లేకుండా బాధ్యత మోపకూడదు, ఊహించుకున్న నష్టానికి ఇష్టమొచ్చినంత పరిహారం ఇవ్వకూడదు. ఆయనతో కలిపి నలుగురయ్యారు. అయిదోవాడు బ్లాక్‌మన్, రోజెన్‌బ్లూమ్‌లో బ్రెన్నన్ వైపు ఉన్న ఆయన. ఏమని రాశారంటే, మెజారిటీకి నా ఓటు అవసరం కాకపోతే పాత అభిప్రాయంలోనే ఉండేవాణ్ని, కానీ ఇప్పుడు ఖచ్చితమైన నియమం ఒకటి ఉండటం అన్నిటికంటే ముఖ్యం, అన్నారు. ఈ రోజుకీ అమెరికాలో మామూలు మనుషుల పరువు నష్టం చట్టం నిలబడి ఉన్నది ఆ ఓటు మీదే.

మీరడిగిన రెండో ప్రశ్న, ఇందులో న్యాయం ఏముంది అని. నా జవాబు సూటిగా చెప్తాను. ఇది సంతలో పశువు బేరం లాంటిది కాదు. బేరం అంతా మాటల మీద, కారణాల మీద, అదీ కాగితం మీద. ఒక జడ్జి ఇంకొకరిని ఒప్పించాలంటే, నీ కారణం ఇలా రాస్తే రేపు వచ్చే కేసులో ఏమవుతుందో చూడు అని చూపించాలి. తొమ్మిది మంది తొమ్మిది రకాలుగా రాసుకుంటే జడ్జీల మనస్సాక్షి పరిశుభ్రంగానే ఉంటుంది, కానీ ఏదో ఊళ్లో ఒక ఎడిటర్ ఈ వార్త వేయాలా వద్దా అని రాత్రి పది గంటలకి నిర్ణయించుకునేటప్పుడు అతని చేతిలో నియమం అంటూ ఏమీ ఉండదు. నియమం తెలియని చోట ఎడిటర్ వార్త ఆపేస్తాడు. బ్లాక్ చేసినది, హార్లన్ చేసినది, బ్లాక్‌మన్ చేసినది రాజీయే, నేను దాన్ని గౌరవిస్తాను. ఒప్పుకోలేనిది వేరే ఉంది. ఎవరి బతుకు ఈ మాటల మీద ఆధారపడి ఉందో వాళ్లకి, ఏ మాట ఎందుకు మారిందో నలభై యాభై ఏళ్ల తర్వాత గానీ తెలియకపోవడం.

రాజీలో పుట్టినదాన్ని తర్వాత కొందరు వద్దనుకున్నారు కూడా. 1964లో చేరిన బైరన్ వైట్ 1985లో డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ కేసులో, సలివాన్‌లో మేం సరైన తూకం వేయలేదని నాకు ఇప్పుడు అనిపిస్తోంది అని రాశారు. 2019లో జస్టిస్ థామస్, 2021లో జస్టిస్ గోర్సుచ్ కూడా దాన్ని తిరిగి చూడాలన్నారు. కేసు విచారణకి తీసుకోవడానికే నలుగురు జడ్జీలు కావాలి, ఇంతవరకు ఆ నలుగురు దొరకలేదు.

ఇక మన సంగతి. మన రాజ్యాంగంలో 19(2)లో పరువు నష్టం అన్న మాట నేరుగా ఉంది, స్వేచ్ఛ మీద పరిమితి పెట్టదగిన కారణాల్లో ఒకటిగా. అమెరికా మొదటి సవరణలో అలాంటి జాబితా లేదు. కాబట్టి సలివాన్‌ని యథాతథంగా తెచ్చుకోలేం. అయినా తెచ్చుకునే ప్రయత్నం చేసింది ఒక తెలుగు జడ్జి, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో. ఆటో శంకర్ అనే మరణశిక్ష పడ్డ ఖైదీ ఆత్మకథని నక్కీరన్ పత్రిక వేయబోతుంటే తమిళనాడు జైలు అధికారులు ఆపాలని చూశారు, అందులో కొందరు అధికారుల బండారం ఉందన్నది అసలు భయం. ముందుగా ఆపే అధికారం ప్రభుత్వానికి లేదని జీవన్ రెడ్డి గారు తేల్చారు, సలివాన్‌ని ప్రస్తావించారు, అధికారిక విధుల గురించి రాసినదానికి అధికారి పరిహారం పొందాలంటే నిజానిజాలు పట్టించుకోకుండా రాశారని నిరూపించాలన్నారు. మనవాడు రాసినందుకు నాకు గర్వమే. వాదించేటప్పుడు అది ఎన్నోసార్లు పనికొచ్చింది.

కానీ పక్కపక్కనే పెట్టి చదవండి, తేడా తెలుస్తుంది. రాజగోపాల్‌లో ఆ వెంటనే, విలేకరి తగినంత పరిశీలించే రాశానని చూపిస్తే చాలు అన్న మాట వస్తుంది. అంటే ఆచరణలో భారం మళ్లీ విలేకరి వైపు జారుతుంది, సమాచారం ఇచ్చినవాడి పేరు చెప్పలేని విలేకరికి ఇది పెద్ద చిక్కు. రుజువు ఎంత స్పష్టంగా ఉండాలో లేదు. పైకోర్టు తనంతట తాను సాక్ష్యం చూడాలన్న సంగతి లేదు. సలివాన్ చివరి భాగంలో ఎనిమిది డ్రాఫ్టులు తిరిగి సాధించిన సరుకు మనకి రాలేదు, ముందు భాగంలో ఉన్న సూత్రం వచ్చింది. అన్నిటికంటే పెద్ద లోటు, ఇది సివిల్ పరిహారం గురించే. పరువు నష్టాన్ని నేరంగా చూసే ఐపీసీ 499, 500 సెక్షన్ల మీద స్వేచ్ఛ ప్రభావం ఏమిటన్నది మేం చూడటం లేదు, తగిన కేసు వచ్చేదాకా అది ఆగాలి అని తీర్పులోనే ఉంది. ఫుట్‌నోట్‌లో వదిలేసిన ప్రశ్న గురించి పైన చెప్పానే, ఇదీ అలాంటిదే.

ఆ తగిన కేసు 22 ఏళ్లకి వచ్చింది. 2016 మే 13న సుబ్రమణియన్ స్వామి కేసులో జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ ప్రఫుల్ల పంత్ క్రిమినల్ పరువు నష్టం రాజ్యాంగబద్ధమే అన్నారు, పరువు కూడా 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగం అన్న కారణంతో. ఇద్దరు జడ్జీల బెంచ్. మీ మూడో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. మన దగ్గరా డ్రాఫ్టులు తిరుగుతాయి, మార్పులు జరుగుతాయి. కానీ కోర్టు మొత్తం ఒకే కేసు మీద కూర్చోవడం ఉండదు, ఎక్కువ కేసులు ఇద్దరు ముగ్గురు జడ్జీల ముందే తేలిపోతాయి. ఇద్దరు ఉన్నచోట అయిదోవాడిని ఒప్పించాల్సిన అవసరం లేదు, బయట నుంచి పదహారు పేజీలు కాదు కదా ఒక పేజీ మెమో రాసే బ్లాక్ కూడా లేడు. జడ్జీలు తమ కాగితాలు లైబ్రరీకి ఇచ్చే అలవాటూ లేదు, కాబట్టి ఏ పేరా ఎందుకు వచ్చిందో యాభై ఏళ్ల తర్వాత కూడా తెలుసుకోలేం. ఇంత పెద్ద ప్రశ్న కనీసం అయిదుగురు జడ్జీలుండే రాజ్యాంగ ధర్మాసనం ముందుకి వెళ్లాల్సింది, ఇది నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు అదే నేరం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఉంది. రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కొత్తగా సమాజ సేవ కూడా చేర్చారు. రాసింది నిజమని చెప్తే సరిపోదు, నిజమైనదీ అయి ప్రజల మేలు కోసం రాసినదీ అయి ఉండాలి, ఆ మినహాయింపు చూపించుకోవాల్సిన భారం ముద్దాయి మీద. జిల్లా రిపోర్టర్‌కి శిక్ష పడటం అరుదు, కానీ సమన్లు, బెయిలు, ఏళ్ల తరబడి వాయిదాలు, అదే అతనికి శిక్ష.

మీరు చదువు అయ్యాక ఈ కేసుల్లోకి వస్తే ఒక పని చేయండి. సలివాన్ తీర్పుని చివరి భాగం నుంచి మొదలుపెట్టి చదవండి, తర్వాత రాజగోపాల్‌లో 499 గురించి వదిలేసిన ఆ పేరా చదవండి. హైకోర్టులో కేసు కొట్టేయమని క్వాష్ పిటిషన్ వేసేటప్పుడు స్వేచ్ఛ గురించి రెండు పేజీలు రాసి, ఫిర్యాదులో ఉన్న సాక్ష్యం ఎందుకు చాలదో రెండు లైన్లలో ముగించేయడం మామూలుగా జరుగుతుంటుంది. దాన్ని తిరగెయ్యండి. ఏ వాక్యం అబద్ధం, అది అబద్ధమని ఇతనికి తెలుసనడానికి ఫిర్యాదులో ఏముంది, ఆ వాక్యం ఫిర్యాదుదారు గురించే అని ఎలా చెప్తారు అని ఒక్కొక్కటీ విడదీసి రాయండి. ఫిర్యాదులో ఆ మూడింటికీ జవాబు లేకపోతే, కేసు విచారణ దాకా వెళ్లకుండానే ఆపమని అడగడానికి గట్టి ఆధారం దొరికినట్టే.